తేలినీలాపురంలో చలికాలపు పరుగు: బయలుదేరే ముందు జాగ్రత్తలు

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చేరే కాలం వస్తున్నందున, నౌపడ తంపర (చిత్తడినేల) వైపు తెల్లవారుజామున పరుగెత్తదలచినవారు వీటిని గమనించాలి.

గూళ్ళున్న చెట్ల కిందుగా పరుగెత్తరాదు. బెదిరిన తల్లిపక్షి లేచిపోయిన కాసేపటిలోనే కాకులు గుడ్లను పాడుచేయవచ్చు. కొమ్మ మీది నుంచి జారిపడిన పిల్లను తల్లి తిరిగి గూటికి చేర్చలేదు.

పొగమంచులో రోడ్డుకు కుడి అంచున, వాహనాలకు ఎదురుగా పరుగెత్తాలి. వెనుక నుంచి వచ్చే లారీ చప్పుడు వినబడేసరికే ఆలస్యమవుతుంది, చెవిలో పాటలుంటే ఇక చెప్పనక్కరలేదు.

ఉప్పుమడుల గట్లు చూడముచ్చటగా ఉంటాయి గాని, మంచుకు తడిసిన ఆ జిగటమట్టి బూటు అడుగున అట్టకట్టి మడమను మెలిపెడుతుంది.

కోతల రోజుల్లో రోడ్డుపై పరచిన వరిగడ్డి కూడా జారుతుంది.