కార్లో చెక్క పట్టీల ఫ్లోర్ వేసుకోవాలంటే

ముందే చెప్పేస్తున్నా, డ్రైవర్ కాళ్ల దగ్గర మాత్రం చెక్క వెయ్యొద్దు. ఎంత ముచ్చటగా ఉన్నా సరే. పట్టీ కాస్త ముందుకి జరిగిందంటే బ్రేక్ కిందో యాక్సిలరేటర్ కిందో ఇరుక్కుంటుంది. మామూలు మ్యాటే పెడల్‌కి అడ్డం పడొచ్చని 2009లో టయోటా అమెరికాలో దాదాపు 38 లక్షల కార్లకి రీకాల్ ప్రకటించింది, ఇక గట్టి చెక్క సంగతి వేరే చెప్పాలా. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పక్క సీటు, వెనక సీటు కాళ్ల దగ్గర, డిక్కీ, వీటి గురించే.

ఈకో, పాత ఓమ్ని లాంటి బండ్లున్నవాళ్లకి, పొలానికి వెళ్లొచ్చేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. నల్లరేగడి బురద చెప్పులతో ఎక్కితే కార్పెట్ ఏమవుతుందో తెలిసిందేగా, తడి లోపలికి దిగి వాసనొస్తుంది, కొన్నాళ్లకి కింద రేకు తుప్పు పడుతుంది. పట్టీలైతే నీళ్లు, మట్టి సందుల్లోంచి కిందకి పోతాయి, కాళ్లు పొడిగా ఉంటాయి. కానీ ఆ పోయిందంతా కిందే ఉంటుంది కదా, అందుకే ఎత్తి దులుపుకునేలా ఉండాలి. స్క్రూలు కొట్టి ఫ్లోర్‌కి బిగించేస్తే అది చెక్క మూత పెట్టిన చెత్తడబ్బానే. పైగా రేకు కింద బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపులు పోతుంటాయి, కార్పెట్ కింద వైరింగ్ ఉంటుంది, అక్కడ డ్రిల్ పెట్టడమంటే కొరివితో తల గోక్కున్నట్టే.

చెక్క సంగతికొస్తే, టేకు దొరికితే టేకే. కొత్తది కొనక్కర్లేదు, పాత ఇళ్లు పడగొట్టిన చోట తలుపు చెక్కలు అమ్ముతారు, అవి ఏళ్ల తరబడి ఎండినవి కాబట్టి వంకర్లు పోవు. పచ్చి చెక్క మాత్రం వద్దు, ఎండలో నిలబెట్టిన కారు లోపల అది విల్లులా వంగుతుంది. చెదలు తిన్న ముక్క కూడా వద్దు. సామిల్లులో రీపర్లలాగే కోయించండి, కాకపోతే సన్నగా, 40 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మందం. చిత్రిక పట్టించి అంచులు గుండ్రంగా చేయించండి, పిల్లలు ఉత్తి కాళ్లతో ఎక్కుతారు, పేడు గుచ్చుకుంటే ఇక ఆ ప్రయాణమంతా ఏడుపే.

కొలతకి టేప్ పనికిరాదు, ఫ్లోర్ ఎక్కడా చదరంగా ఉండదు. పాత పేపర్లు అతికించి పరిచి, సీటు రైల్ ఎక్కడుందో, బెల్టు బకిల్ ఎక్కడుందో చూసుకుంటూ కత్తిరించి, ఆ కాగితాన్నే కార్పెంటర్‌కి ఇవ్వండి. సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి చూసి మరీ కత్తిరించాలి, రైల్‌కి ఒక్క పట్టీ తగిలినా సీటు లాక్ సరిగ్గా పడదు. కాళ్ల దగ్గర పట్టీలు డోర్ వైపుకి వచ్చేలా అడ్డంగా వేస్తే చీపురుతో మట్టి నేరుగా బయటకి ఊడ్చేయొచ్చు, డిక్కీలో మాత్రం నిలువుగా వెయ్యండి, బస్తాలు లోపలికి తోస్తే సాఫీగా జారతాయి.

జోడించడానికి నవారు చాలు, మంచాలకి వాడే నైలాన్ నవారు. నూలుది వద్దు, నీళ్లు తాగి కంపు కొడుతుంది. పట్టీలన్నీ బోర్లా పరిచి, మధ్యలో పెన్సిల్ పెడితే ఎంత సందు వస్తుందో అంత వదిలి, రెండు చివర్లా నవారు వేసి స్టీలు స్క్రూ, వాషర్‌తో బిగించండి. స్క్రూ పొడుగు 10 మిల్లీమీటర్లు దాటొద్దు, పైకి మొన తేలుతుంది. మామూలు ఇనప మేకులు తుప్పు పట్టి చెక్క మీద నల్ల మరకలు వదులుతాయి. నవారు చివర్లు కొవ్వొత్తితో కాల్చేస్తే పోగులు లేవవు. ఇలా చేసింది చాపలా చుట్టి పక్కన పెట్టుకోవచ్చు.

పైన వార్నిష్ కొట్టొద్దు, తడిస్తే జారుతుంది, ఏడాదికి పొలుసులు లేస్తుంది. అవిసె నూనె, అంటే పెయింట్ షాపుల్లో దొరికే లిన్సీడ్ ఆయిల్ గుడ్డతో పల్చగా రుద్ది, ఆరాక ఇంకోసారి రుద్దితే సరిపోతుంది. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ నూనె గుడ్డని ఉండచుట్టి కార్లోనో గోడౌన్లోనో పడేయకూడదు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది, ఇది ఉత్తుత్తి భయం కాదు. విప్పి ఆరుబయట ఆరేసి, బాగా ఎండాకే పారేయండి.

కింద ట్రేలా అంచులున్న రబ్బర్ మ్యాట్ ఉండాలి, నీళ్లు అందులోనే ఆగాలి. వానాకాలంలో వారానికోసారైనా చెక్క తీసి కడిగి నీడలో ఆరబెట్టండి. ఆవకాయ జాడీ ఒలికిందనుకోండి, వెంటనే సబ్బునీళ్లు పడితే సరే, లేదంటే ఆ మరక ఇక మీతోనే ఉంటుంది, నా మాట వినండి.

సీట్లు తీసేసి వెనకంతా చెక్క పరుద్దామనుకునేవాళ్లు ముందు ఆర్టీవో దగ్గర కనుక్కోండి, సీటింగ్ కెపాసిటీ ఆర్‌సీలో ఉంటుంది, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పుల గురించే. సీఎన్‌జీ బండైతే సిలిండర్ వాల్వ్‌కి చెయ్యి అందేలా ఖాళీ వదలాలి. ఇక గతుకుల్లో టకటక శబ్దం వస్తోందంటే పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు కోసి పట్టీల అడుగున అతికించండి, శబ్దం పోతుంది, చెక్క జరగడం కూడా తగ్గుతుంది.