పాత బోటుకు కొత్త ప్రొపెల్లర్: పిచ్ లెక్కతో పడ్డ తిప్పలు

నేనుండేది హైదరాబాద్‌లో, మా బావ చేపల బోటు ఉండేది నాగార్జునసాగర్‌లో. దాని వెనక తగిలించింది 25 హార్స్‌పవర్ పాత అవుట్‌బోర్డ్ ఇంజిన్. ఎండాకాలం నీళ్లు తగ్గి, రాయి తగిలి ప్రొపెల్లర్ రెక్క ఒకటి విరిగింది. "బామ్మర్దీ, రాణిగంజ్‌లో చూసి ఇలాంటిదే పంపు" అన్నాడు.

ప్రొపెల్లర్ మధ్యభాగం, అంటే హబ్ మీద 9⅞ x 13 అని ఉంది. మొదటిది వ్యాసం. రెండోది పిచ్, అంటే నీళ్లలో జారకపోతే ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్క. అదే సైజు కొనేసేవాణ్నే. కానీ నలుగురెక్కి, తడిసిన వలలు వేస్తే ఇంజిన్ మూలుగుతుందని బావ ఎప్పుడూ అనేవాడు. రెక్క విరగకముందు ఆ బరువుతోనే, ఇంజిన్ చుట్లు కొలిచే టాకోమీటర్ పెట్టి చూశాం: ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 4,600 చుట్లు (ఆర్‌పీఎమ్). ఇంజిన్ పుస్తకంలో రాసింది 5,000 నుంచి 5,500. అంటే ఇన్నేళ్లూ పెద్ద పిచ్‌తోనే ఈడ్చిందన్నమాట, పాపం!

పిచ్ అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎమ్ పెరుగుతుంది. అందుకే 11 పిచ్ అడిగాను. షాపాయన ఎదురు ప్రశ్న: "లోపల పళ్లెన్ని సార్?" నాకేం తెలుసు! ఇంటికెళ్లి పాతదే సంచిలో వేసుకొచ్చాను. ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు (షాఫ్ట్) పళ్లతో దాని లోపలి పళ్లు కలవకపోతే పిచ్ ఎంతైనా దండగే.

గ్రీజు రాసి, నట్టు ఊడకుండా ఆపే కొత్త కాటర్ పిన్‌తో బిగించాం. అదే బరువుతో 5,050 వచ్చింది. ఖాళీ బోటు వేగం కాస్త తగ్గిందని బావ సణుగుతున్నాడు. ఖాళీగా తిరిగేదెప్పుడు బావా, అన్నాను.