మాత్ర ఆపితే మళ్లీ వచ్చే కడుపుమంట: నాకు ఎలా తగ్గిందంటే

పరగడుపున పొట్ట పైభాగంలో మంట, తింటే ఉబ్బరం. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినాలన్నా టెన్షనే. మజ్జిగ, జీలకర్ర నీళ్లు, గ్యాస్ సిరప్‌లు అన్నీ అయ్యాయి.

కిటుకంతా పరీక్షకు ముందే ఉంది. పొట్టలో హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి ఉందేమో చూద్దామని మద్దిలపాలెంలో డాక్టరు గారు ముందు నేను వాడుతున్న పాంటోప్రజోల్ (పొట్టలో యాసిడ్ తగ్గించే మాత్ర) 2 వారాలు ఆపించారు. అది వాడుతుంటే క్రిమి ఉన్నా రిపోర్టు నెగెటివ్ రావచ్చట. ఆ మధ్యలో మంటకి మామూలు యాంటాసిడ్ సిరప్పే. అప్పుడు మల పరీక్ష చేస్తే పాజిటివ్! 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు. నోరంతా చేదు, అయినా ఒక్క పూటా మానలేదు. అది ముగిసి 4 వారాలు దాటాక, మళ్లీ పాంటోప్రజోల్ ముందే ఆపి, పరీక్ష చేయిస్తే నెగెటివ్. మంట కూడా మెల్లగా పోయింది.

మీకూ ఇదేనని చెప్పలేను. ఈ క్రిమి చాలామంది పొట్టలో ఊరికే ఉంటుంది. అది పోయినా మంట తగ్గనివాళ్లూ ఉన్నారు. అల్సర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపొద్దు.