బొంత వెచ్చదనాన్ని హాట్ ప్లేట్ మీద కొలవడం ఎలా

వేడిని ఆపేది బట్ట మందం ఒక్కటే కాదు, లోపల కదలకుండా నిలిచిన గాలి, అందుకే బొంతను మడత విప్పి మెల్లగా దులిపి ఒక రోజంతా ల్యాబ్ గదిలోనే పరిచి ఉంచండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, తర్వాత రీడింగులు కలవట్లేదని టెన్షన్ పడతారు.

ఐఎస్ఓ 11092 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో, బొంతను పరిచే వేడి ప్లేటు 35 డిగ్రీలు, గాలి 20 డిగ్రీలు, తేమ 65 శాతం, గాలి వేగం సెకనుకు 1 మీటరు. ప్లేటు చుట్టూ ఉన్న గార్డు, అంటే విడిగా వేడిచేసే అంచు కూడా సరిగ్గా 35 దగ్గరే ఉండాలి, లేదంటే వేడి పక్కలకు జారిపోతుంది, బొంత మందంగా ఉన్నకొద్దీ ఈ తప్పు పెరుగుతుంది.

ముందు ఖాళీ ప్లేటు రీడింగ్ తీసుకోండి. తర్వాత బొంతను చేత్తో నొక్కకుండా, ముడతలు లేకుండా పరిచి, హీటర్ వాట్లు నిలకడగా ఆగేదాకా ఓపిక పట్టండి. ప్లేటుకూ గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను ప్లేటు వైశాల్యంతో గుణించి వాట్లతో భాగిస్తే, వేడిని ఎంత అడ్డుకుంటోందో తెలుస్తుంది. ప్లేటు 0.04 చదరపు మీటర్లు, తేడా 15 డిగ్రీలు, హీటర్ 1 వాటు అనుకుంటే 0.6 వస్తుంది. ఖాళీ ప్లేటుది 0.06 అయితే అది తీసేయండి, మిగిలింది 0.54. బొంతల వెచ్చదనాన్ని టాగ్‌లలో చెబుతారు, ఒక టాగ్ అంటే 0.1 కాబట్టి ఆ బొంత 5.4 టాగ్‌లు.

ఒక్క ముక్కతో ఆపకండి, కనీసం మూడు కొలిచి సగటు తీయండి, కుట్టు ఉన్నచోట దూది అణిగిపోయి రీడింగ్ తగ్గుతుంది.