త్రిమితీయ కల్చర్‌లో కణితి చుట్టూ ఉన్న గట్టిదనాన్ని కొలిచే విధానం

బెంగళూరులోని మా ల్యాబ్‌లో చేరే తెలుగు విద్యార్థులు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: స్ఫెరాయిడ్ (గుండ్రని ముద్దగా పెంచిన కణితి కణాలు) చుట్టూ ఉన్న జెల్ గట్టిదనం ఎంత? ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంతో నొక్కి చూశారో చెప్పనంతవరకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. 2005లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో మామూలు రొమ్ము కణజాలం సుమారు 170 పాస్కళ్లు (గట్టిదనాన్ని చెప్పే ప్రమాణం), కణితి సుమారు 4,000 పాస్కళ్లు తేలగా, కణితిని అంటిపెట్టుకున్న పరిసర కణజాలం సుమారు 900 వద్ద నిలిచింది. మనం కొలవవలసింది ఈ మధ్య ప్రాంతాన్నే.

స్ఫెరాయిడ్‌ను ఉంచే కొల్లాజెన్ (కణజాలంలో పోగులుగా ఉండే ప్రొటీన్) జెల్ తోడు వేసిన పెరుగు లాంటిది. గడ్డ కట్టేటప్పుడు గిన్నె కదిలితే విరుగుతుంది, వేడి మారితే గడ్డ స్వభావమే మారుతుంది. తక్కువ వేడిలో గడ్డకట్టిన కొల్లాజెన్‌లో పోగులు లావుగా, వాటి మధ్య ఖాళీలు పెద్దవిగా ఏర్పడతాయి. మన ఊరి చలికాలంలో ఏసీ లేని గదిలో ఉదయం పోసిన జెల్, మధ్యాహ్నం పోసిన జెల్ ఒకటి కావు. కాబట్టి ద్రావణాన్ని మంచుమీదనే ఉంచి, పీహెచ్‌ను 7.4కు తెచ్చి, పోసిన వెంటనే 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌కు మార్చాలి.

గట్టిదనాన్ని కొలిచే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు (చిన్న ప్రోబ్‌తో నొక్కి చూసే పరికరం) ఉపరితలాన్ని మాత్రమే తాకగలదు గనుక స్ఫెరాయిడ్‌ను లోతుగా పాతిపెట్టకూడదు. అడుగు పొర సగం గడ్డకట్టాక స్ఫెరాయిడ్‌ను ఉంచి, పైన పలుచని పొర పోస్తే దాని అంచు ప్రోబ్‌కు అందుతుంది. అడుగు పొర మందంగా ఉండాలి: గచ్చు మీద పరిచిన పలుచని చాపను వేలితో నొక్కితే తెలిసేది గచ్చు గట్టిదనమే. నొక్కే లోతు జెల్ మందంలో పదో వంతు దాటకూడదు. కణాలను ఫార్మాల్డిహైడ్‌తో స్థిరీకరించి కొలిస్తే ఆ రసాయనం వేసిన ముడుల గట్టిదనమే చేతికొస్తుంది కనుక బతికున్న కల్చర్‌నే వాడాలి.

కొల్లాజెన్‌లో ఖాళీలు కొన్ని మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. మొనదేలిన ప్రోబ్ ఒకసారి పోగును, మరోసారి నీటిని తాకి పొంతనలేని అంకెలు ఇస్తుంది. అందుకే 10 నుంచి 20 మైక్రాన్ల వ్యాసమున్న గోళం అతికించిన, మీటరుకు 0.03 నుంచి 0.1 న్యూటన్ల స్ప్రింగ్ స్థిరాంకం గల మెత్తని కాంటిలివర్‌ను (ప్రోబ్‌ను మోసే సన్నని పట్టీని) ఎంచుకోవాలి. దాని సున్నితత్వాన్ని అదే మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో), గట్టి గాజు మీద ముందుగా సరిచూడాలి. మెట్రో పనులు జరిగే రోడ్డు పక్కన ల్యాబ్ ఉంటే కంపన నిరోధక బల్ల ఉన్నా రాత్రి పూట కొలవడమే మేలు. నేను చాలా పగళ్లు వృథా చేసుకున్నాక ఈ మాట చెబుతున్నాను.

స్ఫెరాయిడ్ అంచు నుంచి నాలుగు దిక్కులకు గీతలు ఊహించుకుని, 10, 25, 50, 100, 200 మైక్రాన్ల దూరాల్లోనూ, పోల్చడానికి 500 మైక్రాన్లు దాటిన చోటా నొక్కాలి. జెల్‌లోని నీరు నొక్కుడుకు పక్కకు తప్పుకుంటుంది. వేగం మారితే గట్టిదనం కూడా మారినట్టు కనిపిస్తుంది. సెకనుకు 2 మైక్రాన్లని నిర్ణయించుకుంటే చివరిదాకా అదే ఉంచాలి. నొక్కిన లోతుకూ ఎదురైన బలానికీ మధ్య వచ్చే వక్రరేఖలను హెర్ట్జ్ సూత్రంతో (వాటి నుంచి గట్టిదనాన్ని లెక్కగట్టే సూత్రం) విశ్లేషించేటప్పుడు తాకిన బిందువును కంటితో గుర్తించడం కంటే ఒకే నియమంతో సాఫ్ట్‌వేర్‌కు వదలడం మంచిది. పాయిజాన్ నిష్పత్తిని (నొక్కినప్పుడు పదార్థం పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకెను) సాధారణంగా 0.5గా తీసుకుంటారు. ఫలితాలు ఒకవైపు సాగి ఉంటాయి కాబట్టి సగటు కంటే మధ్యగతమే (వరుసలో నడిమి విలువే) నమ్మదగినది.

అంచు దగ్గర గట్టిదనం పెరిగిందని తేలాక దానికి కారణం వెతకాలి. కణాలు పోగులను లాగి బిగించి ఉండవచ్చు, లేదా లైసిల్ ఆక్సిడేజ్ వంటి ఎంజైములు పోగుల మధ్య శాశ్వతంగా ముడులు వేసి ఉండవచ్చు. అదే చోట కొలిచి, సైటోకలాసిన్ డి అనే రసాయనం వేసి కణాల లాగుడును ఆపి, మళ్లీ కొలిస్తే తగ్గిపోయిన భాగం లాగుడుది, మిగిలిన భాగం మాతృక (కణాల చుట్టూ ఉన్న పోగుల అల్లిక) మార్పుది. దీనితోపాటు అదే రోజు, అదే సీసా కొల్లాజెన్‌తో కణాలు లేకుండా పోసిన జెల్‌ను కూడా కొలవకపోతే ఈ రెండు భాగాల్లో దేనికీ ఆధారం ఉండదు.