అనంతపురం వైపు గుర్రాలకు నేల కొనాలన్నా, అమ్మాలన్నా

బెంగళూరు నుంచి ఈమధ్య ఒకే రకం ఫోన్లు వస్తున్నాయి. "అన్నా, మీ వైపు ఒక నాలుగెకరాలు చూడండి, రెండు మూడు గుర్రాలు పెట్టుకుని శని ఆదివారాలు వచ్చి పోతాం" అని. చూస్తానంటాను గానీ ముందు ఒకటి అడుగుతాను: మే నెలలో వచ్చి చూస్తారా? చాలామంది అక్టోబరులో వస్తారు. అప్పుడు గుట్టలన్నీ పచ్చగా ఉంటాయి, వంకలో నాలుగు నీళ్లుంటాయి, లేపాక్షి చూసుకుని వచ్చే దారిలో అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ పచ్చదనం డిసెంబరుకంతా పోతుందని వాళ్లకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, అమ్మేవాడు అసలే చెప్పడు.

మొదట్లో బెంగళూరువాళ్లు ఇటువైపు వచ్చింది ధర కోసం ఒక్కటే కాదు. 2020 దాకా కర్ణాటకలో వ్యవసాయం చేయనివాళ్లు పొలం కొనడం కష్టం, మన దగ్గర ఆ అడ్డు లేదు. అందుకని బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు దాటి పెనుకొండ దాకా వచ్చి వెతికారు. ఇప్పుడు అక్కడ ఆ చట్టం మారింది, కానీ దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర ధరలు అడిగితే మళ్లీ ఇటే చూస్తారు. హిందూపురం బెంగళూరుకు వంద కిలోమీటర్లే, అనంతపురం టౌన్ రెండు వందలు దాటుతుంది. వారానికోసారి గుర్రాన్ని చూసుకోవాలనుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు, రెండో ఏడాదికి తెలిసొస్తుంది. 2022లో జిల్లా విడిపోయాక హిందూపురం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి, పాత కాగితాల్లో అనంతపురం అనే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు.

ఇక నీళ్లు. మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ సరిగ్గా పడితే. బోరు గురించి అడిగితే "రెండించుల నీళ్లు ఉండాయి సార్" అని మోటారు వేసి పది నిమిషాలు చూపిస్తారు. పది నిమిషాలు ఏ బోరైనా పోస్తుంది. మీరు మే నెలలో ఉదయం వేయించి, మధ్యాహ్నం దాకా అక్కడే చెట్టు కింద కూర్చోండి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండిందో చూసి రాసుకోండి. రెండు లెక్కలకూ చాలా తేడా వస్తే ఆ బోరును నమ్మొద్దు. నీళ్లు బాటిల్లో పట్టి ల్యాబ్‌కు కూడా పంపండి, మన దగ్గర ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి.

గుర్రం తాగేది ఎంతలే అనుకుంటారు. నిజమే, పెద్ద గుర్రం రోజుకు 30 నుంచి 45 లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. నాలుగు గుర్రాలకు తాగడానికి, కడగడానికి, కాపలా కుటుంబానికి అన్నీ కలిపి వెయ్యి లీటర్లుంటే నడుస్తుంది. నీళ్లు తాగేసేది గడ్డి. ఒక ఎకరా పచ్చిమేతకు రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలనుకున్నా 20 వేల లీటర్లు కావాలి, మేలో అది కూడా చాలదు. సినిమాల్లో చూసినట్టు పచ్చిక బయల్లో గుర్రాలు మేస్తూ ఉండాలనుకుంటే దయచేసి కొడగు వైపు వెళ్లండి. ఇక్కడ గుర్రం తిరగడానికి ఎర్రమట్టి నేల, తినడానికి తొట్టిలో మేత, అంతే. అర ఎకరా లూసర్న్ (గుర్రాలు తినే పచ్చిమేత) డ్రిప్పు మీద పెట్టుకోగలిగితే అదే గొప్ప.

మిగతా మేత కొనాల్సిందే. 450 కిలోల గుర్రం రోజుకు 9 కిలోల దాకా ఎండుమేత తింటుంది, ఏడాదికి మూడు టన్నుల పైమాట. మన అదృష్టం ఏమంటే వేరుశనగ కట్టె, అంటే కాయలు తీసేశాక మిగిలే ఎండు మొక్కలు, దొరుకుతుంది, ఉలవలు దొరుకుతాయి. కోతలయ్యాక నవంబరు, డిసెంబరుల్లో కట్టె కొని దాచుకుంటే సగం టెన్షన్ పోతుంది. కానీ కుప్ప మీద వాన పడి బూజు పట్టిన కట్టె ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. ఎనుములు (గేదెలు) తిని నెగ్గుకొస్తాయేమో, గుర్రం తట్టుకోదు. దానికి వాంతి చేసుకోవడం చేతకాదు, కడుపులో ఏది పోయినా కింది నుంచే పోవాలి, లేదంటే కోలిక్ అనే కడుపునొప్పి వచ్చి రాత్రికి రాత్రి పోతుంది. అందుకని నేల చూసేటప్పుడు మేత దాచే తడవని గోదాముందా అని కూడా చూడండి, లేకపోతే దాని ఖర్చు ధరలోంచి తీసేయండి.

పొలం చుట్టూ ఏం పెరుగుతుందో నడిచి చూడాలి. వేరుశనగ చేలల్లో మనవాళ్లు ఆముదం సాళ్లు వేస్తారు, ఆముదం గింజలు గుర్రానికి విషం, కొన్ని తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. గన్నేరు కూడా అంతే. పక్క చేనివాళ్లు ఆముదం వేస్తే వద్దనే హక్కు మనకు లేదు, కంచె రెండు మీటర్లు లోపలికి జరుపుకోవడమే దారి, ఆ పోయిన నేలను లెక్కలో పెట్టుకోండి. పచ్చిజొన్న మేపితే గుర్రాలకు మూత్రాశయం పాడై వెనక కాళ్లు తూలుతాయి, ఎద్దులకు వేసే మేత గుర్రానికీ సరిపోతుందని ఊళ్లో ఎవరు చెప్పినా వినొద్దు.

ఇసుక సంగతి ఎవరూ చెప్పరు, నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మన ఎర్ర ఇసుక నేలల మీద మేత కింద పడేస్తే గుర్రం ప్రతి బుక్కతోనూ కాస్త మట్టి మింగుతుంది, అది పేగుల్లో పేరుకుని కోలిక్ వస్తుంది. నా మొదటి గుర్రం రెండో ఏడాది అలాగే పడిపోయింది. రాత్రి పదకొండుకు డాక్టరు దొరకడానికి మూడు గంటలు పట్టింది, గుర్రం బతికింది గానీ నేను ఒక నెల సరిగా నిద్రపోలేదు. ఇప్పుడు ఏ నేల చూడ్డానికి వెళ్లినా అక్కడ గుర్రాలుంటే ఒక పిడికెడు లద్దె బకెట్ నీళ్లలో కలిపి కాసేపు ఆగుతాను. అడుగున ఇసుక దిగితే ఆ నేలను ఎలా వాడుతున్నారో తెలిసిపోతుంది. ఓనర్ మొహం చిట్లించుకుంటాడు, చిట్లించుకోనీండి.

డాక్టరు దూరం కూడా నేల ధరలో భాగమే. మన పశువైద్యులు జీవాలకు (గొర్రెలు, మేకలకు), ఎనుములకు మంచివాళ్లు, గుర్రాన్ని రోజూ చూసినవాళ్లు తక్కువ. పెద్ద కేసైతే బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల, లేదంటే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల. లాడాలు కొట్టేవాడు కూడా బెంగళూరు నుంచే రావాలి, ఆరు వారాలకోసారి. నాలుగైదు గుర్రాలుంటేనే అతనికి గిట్టుబాటు, ఒక్క గుర్రానికి రమ్మంటే ఫోన్ ఎత్తడు. చుట్టుపక్కల ఇంకెవరైనా గుర్రాలు పెట్టారేమో కనుక్కోండి, ఉంటే ఆ నేలకు నేను కాస్త ఎక్కువైనా ఇస్తాను.

కట్టిన లాయం ఉన్న నేల వస్తే మెరుపు చూసి మోసపోవద్దు. ఒక్కో గుర్రానికి 12 అడుగులకు 12 అడుగుల గది ఉండాలి, పైకప్పు ఎత్తుగా ఉండాలి, షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ కొడుతుంది. నేల మీద కడప బండలు, తాడిపత్రి బండలు పరిచి "ఎంత నీట్‌గా ఉందో చూడండి" అంటారు. ఆ బండ మీద మూత్రం పడితే గుర్రం జారి పడి తుంటి విరగ్గొట్టుకుంటుంది. దాని మీద రబ్బరు మ్యాట్లు వేయాలి, ఆ ఖర్చు మీదే. ముళ్ల కంచె ఉంటే అదీ పీకించాల్సిందే, గుర్రం బెదిరి పరిగెత్తితే ఆ తీగ కాలిని ఎముక దాకా కోస్తుంది. రాతి కూసాలు (స్తంభాలు) ఉంటే మాత్రం ఉంచుకోండి, వాటికి అడ్డంగా పైపులు బిగిస్తే బ్రహ్మాండమైన కంచె.

ఇప్పుడు కాగితాలు. మన మెట్ట భూముల్లో డీకేటీ పట్టాలు ఎక్కువ, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం వీటిని అమ్మడం చెల్లదు. 2023లో 20 ఏళ్లు దాటినవాటికి పూర్తి హక్కులు (ఫ్రీహోల్డ్) ఇచ్చారు, 2024లో ఆ ఫ్రీహోల్డ్ రిజిస్ట్రేషన్లు ఆపి మళ్లీ పరిశీలనకు పెట్టారు. "ఇప్పుడు అన్నీ ఓపెన్ అయిపోయాయి సార్" అనే మధ్యవర్తి మాట మీద రూపాయి కూడా పెట్టొద్దు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించుకోండి, చుక్కల భూమా (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నదా) కాదా కనుక్కోండి. అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుదారు రికార్డు), కనీసం 30 ఏళ్ల ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకపు పత్రాలు) అన్నీ తీసి లాయరుకు ఇవ్వండి, అమ్మేవాడి లాయరుకు కాదు, మీ లాయరుకు. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి కొత్త భూ పటం ప్రకారం ఎల్‌పీఎం నంబరు వచ్చింది, రెండింట్లో విస్తీర్ణం కలవకపోతే హద్దు రాళ్లు కొలిపించాకే ముందుకు పోండి. బెంగళూరువాళ్లు గుంటల్లో అడుగుతారు, మనం సెంట్లలో చెబుతాం. ఒక గుంట అంటే రెండున్నర సెంట్లు, ఇది ముందే రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములు సంతకం చేస్తే సరిపోదు, ఆడబిడ్డల సంతకాలు కూడా కావాలి. మన రాష్ట్రంలో 1985 నుంచే కూతుళ్లకు వాటా ఉంది. "మా అక్క ఏమీ అనదు" అంటారు, ఏమీ అనకపోతే వచ్చి సంతకం పెట్టడానికి ఏం ఇబ్బంది? ఎన్ఆర్ఐలు మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు, అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద పెడదామనే ఆలోచన అక్కడే ఆపండి.

దారి గురించి ఒక మాట. గుర్రాల లారీ రావాలి, మలుపు తిరగాలి. డొంక దారిలో కారు పోయింది కదా అని తృప్తి పడొద్దు, పది టన్నుల కట్టె లోడు పోతుందా చూడండి. పక్కవాడి చేనులోంచి పోయే దారైతే వాడితో రాతపూర్వకంగా హక్కు రాయించుకుని రిజిస్టర్ చేయించండి, వాడి తండ్రి ఒప్పుకున్నాడన్న కథ కొడుకు దగ్గర చెల్లదు. ఖర్చు లెక్కలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం వేసుకోండి, మధ్యవర్తికి ఇచ్చేది వేరే.

అమ్మడం వేరే లోకం. నేను 2022లో నా నాలుగెకరాలు అమ్మకానికి పెట్టినప్పుడు లాయానికి, పైపు కంచెకు, గుర్రాన్ని గుండ్రంగా తిప్పే రౌండ్ పెన్‌కు పెట్టిన డబ్బంతా కాగితం మీద కూడి ధర చెప్పాను. వచ్చినవాళ్లలో ఆరుగురు చీనీ (బత్తాయి) తోట వేసుకునేవాళ్లు. ఒకాయన షెడ్డంతా తిరిగి చూసి, "ఇది పీకించి ఇస్తే ఎంత తగ్గిస్తావు?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయన అడిగింది న్యాయమే. గుర్రాలు పెట్టేవాడు ఏడాదికి ఒక్కడు వస్తాడు, తోట పెట్టేవాడు వారానికి ఒకడు వస్తాడు. కాబట్టి కట్టేటప్పుడే బోల్టులతో బిగించే పైకప్పు ట్రస్‌లు పెట్టుకోండి, గోడలు తక్కువ కట్టండి, రేపు అదే షెడ్డు జీవాలకు గానీ గోదాముకు గానీ పనికొస్తుంది. అమ్మేటప్పుడు ముందుగా చూపించాల్సింది మే నెల డ్రమ్ము లెక్క, కరెంటు సర్వీసు, తేడా లేని కాగితాలు. ఇవి ఫైల్లో పెట్టి ఇస్తే బేరమాడడం సగం తగ్గుతుంది. ఉచిత వ్యవసాయ కరెంటు మీద గుర్రపుస్వారీ స్కూలు నడిపి ఉంటే అమ్మే ముందే వేరే కనెక్షన్‌కు మార్చుకోండి, కొనేవాడి లాయరు మొదట అదే పట్టుకుంటాడు.

పన్ను విషయంలో ఆడిటరును ముందే కలవండి. మున్సిపాలిటీకి తగినంత దూరంలో ఉన్న వ్యవసాయ భూమి లాభం మీద పన్ను పడదు, జనాభాను బట్టి ఆ దూరం 2, 6, 8 కిలోమీటర్లు. కానీ అది నిజంగా సాగులో ఉండాలి, పంట వేయకుండా పదేళ్లు గుర్రాలే తిప్పిన నేలను వ్యవసాయం అంటే అధికారి ప్రశ్నలు వేస్తాడు. ఆ అర ఎకరా లూసర్న్ ఇక్కడ కూడా ఆదుకుంటుంది, అడంగల్‌లో ఎక్కించుకోండి. అడ్వాన్స్ 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవద్దు, బ్యాంకులోనే రావాలి.

గుర్రాలను నేలతో కలిపి అమ్మకండి. కొనేవాడు ఏదో ఒక గుర్రాన్ని సాకుగా పెట్టి మొత్తం ధర తగ్గిస్తాడు. వాటికి వేరే రశీదు, రేసు గుర్రమైతే దాని పాస్‌పోర్టు, గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష కాగితం. ఆ జబ్బు తేలితే గుర్రాన్ని చంపేయడం తప్ప మార్గం లేదు, కాబట్టి కొనేవైపు ఉన్నా అమ్మేవైపు ఉన్నా పరీక్ష లేకుండా గుర్రాన్ని లారీ ఎక్కించొద్దు. గుర్రాలను చూసుకునే సైసు ఉంటాడా పోతాడా కూడా ముందే తేల్చండి, బోరు ఏ పూట ఎంత పోస్తుందో అతనికి తెలిసినంతగా మీకు కూడా తెలియదు, కొత్త ఓనర్‌కు అసలే తెలియదు.

ఇంకొకటి, లద్దె దిబ్బ ఎవరిదో అగ్రిమెంట్‌లో రాసుకోండి. మేం రాసుకోలేదు. చీనీ చెట్లకు అంత మంచి ఎరువు దొరకదని నా నేల కొన్నాయనకు తెలుసు, మూడేళ్ల దిబ్బ అది, నాకూ తెలుసు. రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రం దాని పక్కన నిలబడి గంటసేపు వాదించుకుని, చివరికి చెరి నాలుగు ట్రాక్టర్లు ఎత్తుకున్నాం.