ఇంట్లో కాఫీ గింజలు వేపడం మొదలెడుతున్నారా, ఏం రాసుకోవాలో చెప్తా

కాఫీ వేపడం మొదలెట్టిన వాళ్లలో చాలామంది మొదట మిషన్ గురించి అడుగుతారు, కడాయి చాలా, పాప్‌కార్న్ మిషన్ కొనాలా అని. ఏదైనా పర్లేదండీ, దాంతో పాటు ఒక రూళ్ల పుస్తకం, ఒక కిచెన్ త్రాసు మాత్రం తెచ్చుకోండి. ఎందుకంటే మొదటి నెలలో ఎప్పుడో ఒకరోజు కాఫీ అదిరిపోతుంది, ఇంట్లో వాళ్లు కూడా అడిగి మరీ ఇంకో కప్పు తాగుతారు, వచ్చే ఆదివారం మళ్లీ అదే చేద్దామంటే ఎలా చేశారో గుర్తుండదు. ఆ కప్పు మళ్లీ రావడానికి, ఈసారి ఏ ఒక్కటి మార్చాలో తెలియడానికి ఎంత కావాలో అంతే రాయండి, ముప్పై గళ్ల టేబుల్ గీస్తే రెండో వారానికి విసుగొచ్చి వదిలేస్తారు.

గింజలతో మొదలెడదాం. అరకు అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు. 2019లో అరకు కాఫీకి జీఐ ట్యాగ్ వచ్చింది కానీ అది ప్రాంతం పేరు చెప్తుంది అంతే, మీ చేతిలో ఉన్న సంచి ఏ పంటది, ఎలా ఆరబెట్టిందో చెప్పదు. సంచి మీద గ్రేడు ప్లాంటేషన్ ఏ అని ఉంటే కడిగి పొట్టు తీసిన అరబికా రకం, చెర్రీ అని ఉంటే పండుతోనే ఎండబెట్టినది, పీబీ అంటే గుండ్రటి ఒంటి గింజ. ఈ మూడూ ఒకే మంట మీద ఒకేలా వేగవు. కాబట్టి ఊరు, గ్రేడు, కడిగిందా ఎండబెట్టిందా, ఏ సంవత్సరం పంట, ఎప్పుడు కొన్నారు, ఈ ఐదూ సంచికి ఒకసారి పుస్తకంలో రాసి దానికి ఒక అక్షరం ఇవ్వండి, ఇక ప్రతిసారీ ఆ అక్షరం రాస్తే సరిపోతుంది. పచ్చి గింజల్లో మామూలుగా 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది, వానాకాలంలో సంచి తెరిచి పెట్టేస్తే ఇంకా పీల్చుకుంటాయి, అందుకే కొన్న తేదీ కూడా ముఖ్యమే.

వేపే ముందు రాయాల్సినవి తక్కువే. బ్యాచ్ నంబర్, తేదీ, టైము, పచ్చి గింజల బరువు, మంట ఎంత. బరువు మాత్రం ప్రతిసారీ ఒకటే పెట్టుకోండి, కడాయికి 200 గ్రాములు అనుకుంటే 200 గ్రాములే, ఒకసారి 150 ఒకసారి 250 వేస్తే మీ టైములు దేంతోనూ పోల్చలేరు. గ్యాస్ మంటకి నంబర్లు ఉండవు కదా, నాబ్ చుట్టూ టేపు అంటించి మార్కర్‌తో 1, 2, 3 అని గీతలు పెట్టుకుంటే పని జరుగుతుంది. సిలిండర్ అయిపోవచ్చే రోజుల్లో అదే గీత దగ్గర మంట తగ్గిపోతుంది, అది కూడా ఒక ముక్క రాయాలి. కరెంటు మిషన్ అయితే సాయంత్రం వోల్టేజీ పడిపోయి అదే బ్యాచ్ రెండు నిమిషాలు ఎక్కువ లాగొచ్చు, టైము రాయమన్నది అందుకే. ఇంకోటి, వరసగా రెండు బ్యాచ్‌లు వేపితే రెండోదానికి కడాయి ముందే కాగి ఉంటుంది కాబట్టి త్వరగా వేగుతుంది, అది మొదటిదా రెండోదా అని పక్కన రాయండి, ఇది రాయకపోతే తర్వాత ఆ తేడా ఎక్కడ్నుంచి వచ్చిందో తల బద్దలు కొట్టుకోవాల్సిందే.

ఇక అసలు తంటా వేపేటప్పుడు. ఒక చేత్తో గరిటె, కళ్లలో పొగ, వంటింటి నిండా పొట్టు ఎగురుతూ ఉంటుంది, ఇంక పెన్ను ఎక్కడ పట్టుకుంటారు. నాకు నచ్చిన పద్ధతి ఏంటంటే ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టేయడం. గింజలు వేయగానే "వేశా" అనండి, పచ్చ రంగు పోయి పసుపు తిరిగాక "పసుపు" అనండి, మంట మార్చినప్పుడల్లా "రెండుకి తగ్గించా" అనండి, దించేటప్పుడు "దించా" అనండి. అంతా అయ్యాక తీరిగ్గా విని టైములు పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు, పైగా గింజలు పగిలే చప్పుడు కూడా రికార్డయి ఉంటుంది, మీరు అప్పుడు కంగారులో వినకపోయినా.

ఆ చప్పుడే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. ఫస్ట్ క్రాక్ పేలాలు పేలినట్టు గట్టిగా వినిపిస్తుంది, గింజ లోపలి వేడి దాదాపు 200 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వస్తుంది. ఆగకుండా వేపుతూ పోతే 225 డిగ్రీల చుట్టుపక్కల సెకండ్ క్రాక్ మొదలవుతుంది, అది సన్నగా, దగ్గర దగ్గరగా చిటపటలాడుతుంది, నూనె కూడా పైకి తేలుతుంది. ఇక్కడ ఒక రూల్ పెట్టుకోవాలి. ఫస్ట్ క్రాక్ మొదలైంది అని ఎప్పుడు రాస్తారు, ఒక గింజ టప్‌మన్నప్పుడా, వరసగా మూడు నాలుగు పేలినప్పుడా? నేనైతే రెండోదే అంటాను, ఎందుకంటే ఒంటరిగా ముందే పేలే గింజ ప్రతి బ్యాచ్‌లో ఒకటి ఉంటుంది. మీరు ఏది పెట్టుకున్నా పర్లేదు, మధ్యలో మార్చొద్దు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే వాడండి గానీ అది పై పొర వేడి చూపిస్తుంది, కొన్నిసార్లు కడాయి వేడి కూడా కలుపుకుంటుంది, కాబట్టి ఆ అంకె మీద మరీ ఆధారపడకండి.

చల్లారాక పొట్టు ఊదేసి మళ్లీ తూచండి. ఈ ఒక్క అంకె చాలామంది వదిలేస్తారు గానీ రంగు కంటే ఇదే నమ్మకం. 200 వేస్తే 171 వచ్చాయనుకోండి, 29 గ్రాములు పోయాయి, అంటే 14.5 శాతం. మోటుగా చెప్పాలంటే 12, 13 శాతం దగ్గర లైట్, 15 చుట్టుపక్కల మీడియం, 18 దాటితే డార్క్. పుస్తకంలో ఒక బ్యాచ్ ఇలా ఉంటే చాలు:

బ్యాచ్ 7, సంచి క, ఉదయం 10, మొదటిది. 200 గ్రా, మంట 3. పసుపు 4:30, మంట 2. ఫస్ట్ క్రాక్ 8:10. దించా 9:50. 171 గ్రా.

దీన్ని బట్టి ఫస్ట్ క్రాక్ తర్వాత 1 నిమిషం 40 సెకన్లు వేగింది, మొత్తం టైములో దాదాపు 17 శాతం. ఈ భాగం మీద కన్నేసి ఉంచండి, రుచిలో తేడా ఎక్కువగా ఇక్కడే పడుతుంది.

రుచి వేపిన రోజే రాయకండి, గింజల్లోంచి గ్యాస్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది. మూడో రోజు ఒకసారి, వారం అయ్యాక ఇంకోసారి తాగి రాయండి, అదీ చికోరీ, పాలు, పంచదార లేకుండా, ప్రతిసారీ అదే పొడి అవే నీళ్లు. 150 మిల్లీలీటర్ల వేడినీళ్లకి 8 గ్రాముల పొడి, నాలుగు నిమిషాలు ఆగి స్పూనుతో తాగితే తేలిక. తర్వాత మీ ఫిల్టర్ డికాషన్ మీరు తాగండి, ఎవరొద్దన్నారు. ప్యాకెట్ల మీద రాసే జాస్మిన్, బ్లూబెర్రీ మాటలు అక్కర్లేదు, బెల్లం, వేపిన పల్లీ, చింతపండు పులుపు, పచ్చి గడ్డి, వగరు, మాడు అని మీ నోటికి తెలిసినవే రాయండి.

ఇప్పుడు వేపిన టైములూ, రుచీ రెండూ కలిపి చూడాలి. పచ్చి గడ్డి వాసన, కోసినట్టు పులుపు ఉంటే ఫస్ట్ క్రాక్ తర్వాత త్వరగా దించేశారేమో చూసుకుని ఇంకో 20, 30 సెకన్లు ఉంచండి. చప్పగా, ఏ రుచీ తేలకుండా ఉంటే మొత్తం టైము మరీ సాగిందేమో, మొదట్లో మంట కొంచెం పెంచండి. పైన నల్లగా ఉండి గింజ చిదిపితే లోపల లేతగా ఉంటే మొదట్లో మంట ఎక్కువైంది, లేదా గరిటె సరిగ్గా ఆడలేదు. ఒకసారికి ఒకటే మార్చాలి, ఏం మార్చబోతున్నారో ఆ బ్యాచ్ కిందే ఇప్పుడే రాసేయండి, తాగిన వెంటనే అనిపించింది వారం తర్వాత అనిపించదు. డబ్బా మీద బ్యాచ్ నంబర్, వేపిన తేదీ అంటించండి, రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే ఏది ఏదో పొడి చూసి చెప్పలేరు.

ఫోటో తీస్తే తెల్ల కాగితం మీద, ఒకే కిటికీ వెలుగులో తియ్యండి, ట్యూబ్‌లైట్ కింద తీసినవి పోల్చడానికి పనికిరావు. కంప్యూటర్‌లో గ్రాఫ్‌లు కావాలంటే ఆర్టిజాన్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, బాగుంటుంది కూడా, కాకపోతే దానికి గింజల మధ్య పెట్టి వేడి కొలిచే థర్మోకపుల్ ప్రోబ్ ఉండాలి, కడాయిలో కలుపుతూ అది కుదిరే పని కాదు, డ్రమ్ము ఉన్న రోస్టర్ కొన్నాక చూసుకోవచ్చు.